తిన్నదొకరు, తోమేదొకరు



ఈ వారం మిమ్మల్ని ఒక వంటింట్లోకి తీసుకువెళ్తాను. పెద్ద విషయాలు మాట్లాడవలసిన చోట గిన్నెల గొడవ ఏమిటని విసుక్కోకండి. దేవాలయంలో మోకరించినప్పుడు మన మనసు ఎంత మంచిదో మనకే ముచ్చటగా కనిపిస్తుంది. రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో దీపం ఆర్పే వేళకు అదే మనసు ఎలా ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? నేను గమనించలేదు. జల్‌పల్లిలో జరిగిన ఒక చిన్న సంగతి నా చేత గమనింపజేసింది.

జల్‌పల్లి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డు పట్టుకుని పోతే, పహాడీ షరీఫ్ గుట్ట మీది దర్గాకు చేరువలో, రాతి గుట్టల నడుమ, చెరువు పక్కన ఉన్న ఊరు. 2008లో శంషాబాదులో విమానాశ్రయం తెరిచాక ఆ దిక్కున కొత్త ఇళ్లు చాలా లేచాయి. అక్కడ మాకు బాగా కావలసిన కుటుంబం ఒకటి ఉన్నది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసుకునేవారు, నలుగురికీ సాయపడేవారు, ఆదివారం పూజ తప్పనివారు. ఆ మధ్య వారి చంటిబిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించి, సాయంత్రం ఇంట్లో విందు పెట్టారు. నేనూ వెళ్లాను. పొద్దుపోయిందని ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను.

విందులో అందరినీ ఆకర్షించినది ఒక కొత్త వస్తువు. గ్యాస్ పొయ్యి మీద పెట్టుకునే గ్రిల్లు. మీలో కొందరి ఇళ్లలో ఉండే ఉంటుంది. కింద గుండ్రని పళ్లెం, దాని అంచు చుట్టూ కాలువలాగా లోతు. ఆ కాలువలో నీళ్లు పోయాలి. దాని మీద బోర్లించినట్టు ఉండే నల్లని పలక, పలక మీద గట్లు, గట్ల మధ్య సన్నని చిల్లులు. పైన మాంసం ముక్కలు కాలుతుంటే కారిన కొవ్వు జారి నీళ్లలో పడుతుంది. మంట మీద పడదు గనుక మాడదు, పొగ అంతగా రాదు. బొగ్గులు లేకుండా, పెరడు లేకుండా, మూడో అంతస్తులో కూడా కాల్చిన కోడి తినవచ్చునన్నమాట!

పెరుగు, కారం, తేనె పట్టించిన ముక్కలు వాయి తరువాత వాయి కాలాయి. పిల్లలు పొయ్యి చుట్టూ మూగారు. మేము పళ్లేలు చేతబట్టుకుని నిలబడే తిన్నాము. "ఇంట్లోనే హోటలు పెట్టేశారు గదమ్మా!" అని మెచ్చుకున్నాము. నేను రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.

పదకొండు గంటలకు అందరూ వెళ్లిపోయారు. గ్రిల్లు పొయ్యి మీదనే ఉన్నది. గట్ల మధ్య తేనె మాడి తారులాగా అతుక్కుపోయింది. కాలువలోని నీటి మీద కొవ్వు తెల్లగా పేరుకుంటున్నది. ఆ ఇల్లాలు దానివైపు చూసి, బాగా అలసిపోయిన గొంతుతో, "పొద్దున్నే ఆమె వస్తుంది కదా అన్నయ్యగారూ, చూసుకుంటుందిలెండి" అన్నది. నేను, "అవునమ్మా, ఇప్పుడెక్కడ తోముతావు, వెళ్లి పడుకో" అన్నాను. ఎంతో దయగా మాట్లాడాననుకున్నాను కూడా!

తెల్లవారి ఏడు గంటలకు ఆమె వచ్చింది. నేను ముందు గదిలో కాఫీ తాగుతూ పేపరు చదువుకుంటున్నాను. వంటింట్లో నుంచి ఇనుప పీచు గీకుడు చప్పుడు మొదలైంది. ఆగి, మళ్లీ మొదలైంది. ముప్పావు గంట సేపు వినిపించింది. ఇంకా మూడిళ్లలో ఆమెకు పని ఉన్నది. చివరికి ఆ పలకను కడిగి, తుడిచి, వెలుతురులో పెట్టింది. మాడు పోయింది. దానితోపాటు నల్లని పూత కూడా పోయి, అక్కడక్కడా తెల్లని లోహం బయటపడింది.

ఇల్లాలు చూసి నిర్ఘాంతపోయింది. వస్తువు ఖరీదు రూ.1,800. పది రోజులైనా కాలేదు కొని. "పీచుతో రుద్దకూడదని తెలియదా?" అని గట్టిగానే అడిగింది. ఆమె, "ఏం జేయాల్నమ్మా, రుద్దకపోతే పోతలేదు..." అని ఇంకేదో చెప్పబోయింది. ఎవరమూ వినలేదు. నెలకు రూ.3,000 జీతంలో నెలకు రూ.600 చొప్పున మూడు నెలలు తగ్గించుకుందామని తీర్మానమైంది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని తరువాతి ఇంటికి వెళ్లిపోయింది. నేను పేపరు తిరగేశాను.

బస్సు ఎక్కాక గాని నాకు ఆ ప్రశ్న తగలలేదు. ఆ గ్రిల్లును పాడు చేసినది ఎవరు?

తప్పు ఎవరిది?

పాఠకులారా, మీరే న్యాయమూర్తులై చెప్పండి. పీచు పట్టుకున్న చెయ్యి ఆమెదే. అందులో సందేహం లేదు. కాని రాత్రి వెచ్చగా ఉన్నప్పుడు పది నిమిషాల్లో పోయే జిడ్డును, తెల్లవారేసరికి ముప్పావు గంట గీకినా పోని మాడుగా మార్చినది ఎవరు? ఆమె కాదు. అప్పటికి ఆమె తన ఇంట్లో నిద్రపోతున్నది. ఆ విందులో ఆమె ఒక్క ముక్క తిన్నది లేదు. వస్తువు కొన్నప్పుడు డబ్బాలో వచ్చిన కాగితం ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు. గట్టి పీచు వాడవద్దని చెప్పలేదు. స్పాంజి ముక్క చేతికి ఇవ్వలేదు. ఇచ్చినది మాడిన పలక, ఇనుప పీచు, అరగంట వ్యవధి.

తిలా పాపం తలా పిడికెడు అంటారు మన పెద్దలు. తినేటప్పుడు నలుగురం పంచుకున్నాము. పాపం పంచుకోవలసి వచ్చేసరికి మొత్తం ఒక్క తల మీద పెట్టాము. ఆ తల మాలో అందరికంటె బీదది.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ మాడు ఎలా పుడుతుందో తెలుసుకోవడం మంచిది. తెలిస్తే తప్పు ఎక్కడ మొదలైందో కూడా తెలుస్తుంది.

నూనె గాని, కొవ్వు గాని వేడికి, గాలికి గురైనప్పుడు దాని అణువులు ఒకదానితో ఒకటి గొలుసులాగా ముడిపడి గట్టిపడతాయి. మన అమ్మమ్మలకు ఈ రసాయన శాస్త్రం తెలియకపోయినా దాని ఉపయోగం తెలుసు. కొత్త ఇనుప అట్లపెనం తెస్తే కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, సన్నని సెగ మీద కాచి, ఉల్లిపాయ చెక్కతో రుద్దేవారు. రోజూ అలా చేస్తే పల్చని నూనె పొరలు పెనానికి అతుక్కుని నల్లగా, నున్నగా తయారవుతాయి. ఇక అట్టు అంటుకోదు, పెనం తుప్పు పట్టదు. అదే నూనెను మందంగా వదిలేసి, తుడవకుండా పెడితే? జిగురవుతుంది, ముక్క వాసన పడుతుంది, దుమ్ము పడుతుంది, చీమలు చేరతాయి. పెనానికి రక్ష అయినదీ నూనే, మకిలి అయినదీ నూనే. తేడా అంతా వంట అయ్యాక మనం తీసుకునే రెండు నిమిషాల శ్రద్ధలో ఉన్నది.

పూత వేసిన గ్రిల్లు సంగతి వేరు. టెఫ్లాన్ అనే పేరుతో మనం ఎరిగిన ఆ పదార్థాన్ని 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త అనుకోకుండా కనుగొన్నారు. 1950లలో ఫ్రాన్సులో దానిని వంట పాత్రలకు వేయడం మొదలైంది. దాని గుణమే దేనినీ అంటించుకోకపోవడం. అది మెత్తని పూత. ఇనుప పీచుకు, అట్లకాడ అంచుకు ఓర్చుకోలేదు. ఖాళీగా పెద్ద మంట మీద పెట్టి మరచిపోతే కూడా పాడవుతుంది. దాదాపు 260 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే అది చెడిపోవడం మొదలై, ఇంకా వేడెక్కితే హానికరమైన పొగలు వదులుతుంది. ఆ పొగలకు పంజరంలోని పక్షులు చచ్చిపోతాయి. కనుక ఈ వస్తువు తెచ్చుకున్నవారు దానిని పోషించే పద్ధతి కూడా ఇంటికి తెచ్చుకోవాలి. పద్ధతి తెలుసుకునే బాధ్యత కొన్నవారిది.

శుభ్రం చేసే తీరు

ఆ తరువాత నేను తెలుసుకున్న పద్ధతిని మీకూ చెబుతాను. కష్టమైనది కాదు.

వంట కాగానే పొయ్యి, సిలిండరు దగ్గర రెగ్యులేటరు రెండూ కట్టేయండి. గ్రిల్లును చల్లారనివ్వండి, పూర్తిగా చల్లబడనివ్వవద్దు. చెయ్యి తగిలిస్తే వెచ్చగా ఉండాలి గాని చురుక్కుమనకూడదు. కాగి ఉన్న పలక మీద చన్నీళ్లు కుమ్మరిస్తే ఆవిరి చేతుల మీదికి లేస్తుంది, పలక వంకర పోతుంది, పూత పగులుతుంది. వెచ్చగా ఉన్నప్పుడే పాత పేపరు ముక్కతోనో, గుడ్డతోనో జిడ్డంతా తుడిచేయండి. సగం పని అక్కడే అయిపోతుంది.

తరువాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు కొంచెం కలిపి, పలకను పావుగంట నాననివ్వండి. మెత్తని స్పాంజితో గట్ల వెంబడే రుద్దండి. చిల్లుల్లో ఇరుక్కున్నదానికి పాత టూత్‌బ్రష్షు, చీపురు పుల్ల చాలు. అప్పటికీ వదలని మాడు ఉంటే వంటసోడాలో కొద్దిగా నీళ్లు కలిపి ముద్దలాగా పట్టించి, అరగంట తరువాత కడగండి. బూడిద, ఇసుక, గరుకు పొడి, ఇనుప పీచు పూత ఉన్నదాని దగ్గరికి రానీయకండి. అవి మన ఇత్తడి, ఇనుప సామానుకు ఉన్నవి. పూత లేని ఇనుప గ్రిల్లు అయితే నానబెట్టవద్దు, తుప్పు పడుతుంది. కడిగిన వెంటనే తుడిచి, సన్నని సెగ మీద తడి ఆరబెట్టి, వేలితో నూనె చుక్క రాసి దాచండి.

కాలువలోని నీళ్లను మాత్రం సింకులో పారబోయకండి. చల్లారాక కొవ్వు పైన గడ్డ కడుతుంది. దానిని చెంచాతో తీసి, పేపరులో పొట్లం కట్టి, చెత్తలో వేయండి. సింకులో పోస్తే అది గొట్టంలో గడ్డ కట్టి నీళ్లను ఆపుతుంది. ఆగకుండా పోతే ఎక్కడికి పోతుందో కూడా ఆలోచించాలి. మన కంటికి కనిపించని చోటికి పోయినంత మాత్రాన అది లోకంలో లేకుండా పోదు. జల్‌పల్లి చెరువులోకి మురుగు చేరుతున్నదని చుట్టుపక్కలవారు ఎన్నో ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. పేరులోనే జలాన్ని పెట్టుకున్న ఊరి చెరువు అది. ఇంటింటి సింకు నుంచి ఒక్కొక్క గరిటెడు కలిసే గదా మురుగయ్యేది!

పొయ్యిని కూడా చూడండి. కారిన జిడ్డు బర్నరు రంధ్రాలలో పడితే మంట నీలంగా రాదు, పచ్చగా, పొగచూరుతూ వస్తుంది. గ్యాసు సరిగ్గా మండడం లేదని దాని అర్థం. గిన్నెలు నల్లబడటమే గాక, కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు కూడా పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చల్లారిన బర్నరును తీసి, కడిగి, సూదితో రంధ్రాలు శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఇంకొక మాట. గ్రిల్లు లేదు గదా అని తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి కాల్చుకునే సాహసం ఎన్నడూ చేయకండి. ఆ విషవాయువే నిద్రలో ప్రాణాలు తీస్తుంది. గ్రిల్లు మీద పేరుకున్న కొవ్వుకు మంట అంటుకుంటే నీళ్లు పోయకండి. గ్యాసు కట్టేసి మూత బోర్లించండి.

చూశారా, ఇదంతా కలిపి మన చేతులకు పని పావుగంట లోపే. మిగతాది నానబెట్టి ఊరుకోవడమే. ఆ రాత్రి నాకు ఆ పావుగంట లేకపోయిందా? పడుకోబోయే ముందు అరగంట సేపు ఫోనులో విందు ఫొటోలు చూసుకుంటూ కూర్చున్నాను మరి!

"జీతం ఇస్తున్నాం గదా!"

ఇక్కడ మీలో కొందరు ఒక మాట అడుగుతారు. అడగవలసిన మాటే. "పనికి మనిషిని పెట్టుకున్నది ఎందుకు? జీతం ఇస్తున్నాం గదా! మన గిన్నెలు మనమే తోముకుంటే ఆమెకు బ్రతుకుతెరువు ఏది?"

నిజమే. అలసిన ఇల్లాలు కూలి ఇచ్చి సాయం తీసుకోవడం పాపం కాదు. నిజాయితీగా చేసే ఏ పనీ చిన్నది కాదు. గిన్నెలు తోమి పిల్లలను చదివించుకుంటున్న తల్లులు మన విచారణలలోనే ఎందరో ఉన్నారు. పని మానిపించమని నేను అనడం లేదు. కాని జీతం దేనికి? పనికి. మన బద్ధకానికి కాదు. వంట చేస్తే గిన్నె అంటు కావడం సహజం. ఆ అంటు తోమడం పని. రాత్రంతా వదిలేసి దానిని రాయిలాగా చేసినది మన నిర్లక్ష్యం. ఆ అదనపు అరగంట ఆమె ఒంట్లోంచి పోయింది, తరువాతి ఇంట్లో ఆలస్యమని మాట పడటానికి కారణమైంది. ఆ అరగంటకు ఏ ఇంట్లోనూ లెక్క రాయరు.

నష్టం మాటకు వద్దాం. కర్మాగారాలలో పనిచేసేవారి కోసం చేసిన 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ఒక నియమం పెట్టింది. వస్తువు పాడైందని జీతం కోయాలంటే, ఆ నష్టం నేరుగా ఆ పనివాని నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి. కోసే ముందు అతడు చెప్పుకునేది వినాలి. యంత్రాల మధ్య పనిచేసేవారికి దక్కిన ఈ కనీస మర్యాద, చంటిబిడ్డ జ్ఞానస్నానం జరిగిన ఇంట్లో మా ఆమెకు దక్కలేదు. ఆ చట్టం ఇళ్లలో పనిచేసేవారికి వర్తించేది కాదంటారా? ఒప్పుకుంటాను. అయితే మనస్సాక్షి వర్తించే చోటుకు గోడలు ఎవరు కట్టారు? ఇంటి పని కూడా పనేనని, ఇళ్లలో పనిచేసేవారికీ ఇతర కార్మికుల వలెనే హక్కులున్నాయని ప్రపంచ దేశాలు జెనీవాలో ఒక ఒప్పందం ఆమోదించుకోవడానికి 2011వ సంవత్సరం దాకా పట్టింది. చట్టం నెమ్మదిగా నడుస్తుంది. మనం చట్టం కంటె ముందు నడవకూడదని ఎవరన్నారు?

శుభ్రంగా అప్పగించు

పునీత బెనెడిక్టు ఆరవ శతాబ్దంలో తన మఠవాసుల కోసం నియమావళి రాశారు. ప్రార్థనను గూర్చి ఎంత శ్రద్ధగా రాశారో, వంటింటిని గూర్చి కూడా అంతే శ్రద్ధగా రాశారు. మఠవాసులు వారానికొకరు వంతులవారీగా వంటింటి సేవ చేయాలి. శనివారం నాడు వంతు ముగించేవాడు అంతా శుభ్రం చేయాలి. తుడుచుకునే గుడ్డలు ఉతకాలి. పాత్రలన్నీ శుభ్రంగా, పగుళ్లు లేకుండా తిరిగి అప్పగించాలి. మఠం సామాన్లన్నిటినీ పీఠం మీది పవిత్ర పాత్రలను చూసినట్టు చూడాలని కూడా ఆయన మరొక చోట చెప్పారు. గమనించారా? మాడినదానిని తరువాతి వంతువాడికి వదిలి వెళ్లే వీలు అక్కడ లేదు. తన వెనుక వచ్చే సహోదరుని చేతులను తలచుకోవడం అక్కడ వంటలో భాగం.

మన దేశం నుంచి కూడా ఒక ఉదాహరణ ఉన్నది. 1915లో గాంధీజీ శాంతినికేతనానికి వెళ్లినప్పుడు, జీతపు వంటవారిని పెట్టుకోకుండా మీ పని మీరే చేసుకోండని అక్కడి ఉపాధ్యాయులను, విద్యార్థులను ప్రోత్సహించారు. టాగూరు గారు కూడా అందుకు సమ్మతించారు. కొందరు కూరలు తరిగారు, కొందరు బియ్యం ఏరారు. పెద్ద పెద్ద వంట పాత్రలు తోమే పని ఒక జట్టుకు పడింది. ఆ విసుగు పని చేసేవారికి ఊరట కలగాలని మరికొందరు విద్యార్థులు వారి ఎదుట కూర్చుని సితారు వాయించేవారట! గాంధీజీ ఆత్మకథలో ఈ సంగతి ఉన్నది. ఆ ప్రయోగం ఎక్కువ కాలం సాగలేదు. అయినా ఆ సితారు వాయించిన పిల్లలు నాకు పదే పదే గుర్తుకు వస్తారు. తోమేవాడి విసుగును తోటివాడు గుర్తించాడు. నేనేమో పక్క గదిలో పేపరు చదువుకున్నాను.

గిన్నె వెలుపల మాత్రమే శుభ్రం చేసేవారిని ప్రభువు ఎంత గట్టిగా మందలించారో మత్తయి సువిశేషం 23వ అధ్యాయంలో మనందరం చదువుకున్నదే. ఆ రాత్రి మా ముందు గది పూలతో, దీపాలతో మెరిసిపోయింది. వంటింట్లో మాడు మిగిలింది. అతిథులకు చూపించినది గిన్నె వెలుపలి భాగం. తెల్లవారి ఆమె కంట పడినది లోపలి భాగం. మన గూర్చి అసలు సంగతి తెలిసినది ఎవరికి? మన వెనుక శుభ్రం చేసేవారికే!

జరిగిన సంగతి

వారం తిరక్కుండా నేను మళ్లీ జల్‌పల్లి వెళ్లాను. వెళ్లే ముందు చాలా తటపటాయించాను. ఒకరి ఇంటి వ్యవహారంలో తల దూర్చడం మర్యాద కాదేమో అనిపించింది. కాని ఆ రాత్రి "వెళ్లి పడుకో" అన్నవాణ్ణి నేనే గదా! నా వంతు నేను ఒప్పుకోవాలనుకున్నాను. "అమ్మా, ఆ గ్రిల్లు పాడవడంలో నా పాలు కూడా ఉన్నది. రెండుసార్లు వేయించుకుని తిన్నాను, ఒక్కసారి కూడా నీళ్లు పోయలేదు. ఆమె జీతంలో కోసే సొమ్ములో నా వంతు నేను ఇచ్చుకుంటాను" అని, కవరు ఆమె చేతిలో పెట్టబోయాను.

ఆమె కవరు తీసుకోలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆ రోజు నుంచి నాకూ మనసు బాగాలేదు అన్నయ్యగారూ. కోపంలో అనేశాను. వెనక్కి ఎలా తీసుకోవాలో తెలియక ఊరుకున్నాను" అన్నది. మరునాడు పని చేయడానికి వచ్చినప్పుడు జీతం తగ్గించడం లేదని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు నేను అక్కడ లేను. తరువాత ఆ ఇల్లాలే నాతో అన్నది: ఆమె సంతోషంతో చేతులు పట్టుకోనూ లేదు, కన్నీళ్లు పెట్టుకోనూ లేదట. "రాత్రే ఇన్ని నీళ్లు పోసి పెడ్తే నాకీ తిప్పలు లేకుండె గదమ్మా" అని మాత్రం అన్నదట. విందు తెల్లవారి ఆమె చెప్పబోయిన మాట అదే. ఆ ఒక్క మాట వినడానికి మాకు ఎనిమిది రోజులు పట్టింది.

ఆ గ్రిల్లు ఇప్పుడు పనికిరాదు. దాని బదులు వాళ్లు పూత లేని ఇనుప పెనం తెచ్చుకున్నారు. నేను మళ్లీ భోజనానికి వెళ్లినప్పుడు దానిని నేను తుడుస్తానని పట్టుబట్టాను. ఇంత వయసు వచ్చి పెనం తుడవడం రాదని ఆ రోజు పిల్లల ముందు తేలిపోయింది! మొదట నీళ్లు ఎక్కువ పోశాను, తరువాత నూనె ఎక్కువ రాశాను. వాళ్ల పెద్దపిల్ల నవ్వుతూ ఎంత రాయాలో వేలితో చూపించింది. మూడోసారికి కుదిరింది.

పాఠకులారా, ఆత్మశోధన చేసుకునేటప్పుడు మనం పెద్ద పెద్ద ఆజ్ఞలను తలచుకుంటాము. హత్య చేయలేదు, దొంగిలించలేదు అని తృప్తిపడతాము. ఒకరి చేతుల బలాన్ని, ఒకరి పొద్దుటి అరగంటను అడక్కుండా తీసుకోవడం దొంగతనం కిందికి వస్తుందా రాదా? నా మట్టుకు నాకు వస్తుందనే తోస్తున్నది. మీరు కాదంటే కారణం చెప్పండి, వింటాను. కాని చెప్పే ముందు, ఈ రాత్రి భోజనం అయ్యాక ఒక్కసారి వంటింట్లోకి వెళ్లండి. పెనమో, గ్రిల్లో, అన్నం అడుగంటిన గిన్నో ఏది ఉన్నా, అది రేపు ఎవరి చేతుల్లోకి వెళ్తుందో తలచుకోండి. ఇంటి ఇల్లాలి చేతులు కావచ్చు, ముసలి తల్లి చేతులు కావచ్చు, కూలికి వచ్చే ఆమె చేతులు కావచ్చు. ఇంట్లోని మగవారికి ఈ మాట మరీ మరీ చెబుతున్నాను, ఎందుకంటే నేనూ వారిలో ఒకడిని.

వెచ్చగా ఉండగానే తుడిచి, ఇన్ని నీళ్లు పోసి పెట్టండి. అప్పుడు దీపం ఆర్పండి.